సముద్రతీరపు కాలిబాట

మా సిర్గాపూరునకు సముద్రము చాల దూరము. నారాయణఖేడు సీమలో పుట్టి పెరిగినవారికి నీళ్లన్నచో మంజీర జ్ఞప్తికి వచ్చును, లేదా నల్లవాగు జలాశయము. తెలుఁగుతోపాటు కన్నడమును మరాఠీయు వినవచ్చు మా ప్రాంతమున సముద్రమనునది పద్యములందును పటములందును మాత్రమే యుండును. అట్టి యూరి బడిపంతులు తీరపు కాలిబాటను గూర్చి వ్రాయఁబూనుట చదువరులకు వింతగాఁ దోఁపవచ్చును. దానికిఁ గారణము నా కూఁతురు.

ఒకనాఁడు ఇంగ్లీషు పాఠము చెప్పుచు, ఇంగ్లండువారు తమ దేశపు ఒడ్డు పొడుగునను వేయుచు వచ్చిన కాలిబాటను వర్ణించితిని. 2009లో పార్లమెంటు ఇందులకై శాసనము చేసెను. 2012లో వేమత్ అఖాతముకడ మొదటి ఖండమును తెఱచిరి. అది మొదలు ఖండము వెంట ఖండమును చేర్చి సుమారు 4,300 కిలోమీటర్ల బాటను కూర్చుటకుఁ బూనుకొనిరి. పొరుగుననున్న వేల్సువారు 2012లోనే 1,400 కిలోమీటర్ల తీరపుబాటను తెఱచిరి. ఇంగ్లండు బాటను గూర్చిన యేర్పాటులలో నాకు మిక్కిలి నచ్చినది యొకటి కలదు: కడలి ఒడ్డును కోసికొనిపోయినచోట బాటను లోపలికి జరుపవచ్చును. నేల కూలినను నడచువాని హక్కు కూలిపోదు.

ఆ రాత్రి భోజనముకడ పదునాఱేండ్ల నా కూఁతురు "నాయినా, మన దిక్కు అసుంటి తొవ్వ ఉన్నదా?" అని యడిగెను. విశాఖపట్టణమునుండి భీమునిపట్టణము వఱకు సముద్రము ప్రక్కనే సుమారు 25 కిలోమీటర్ల దారి కలదనియు, దానిని భోగాపురము విమానాశ్రయము వఱకు విశాలము చేయు యోచన యున్నదనియు చెప్పితిని. "అయితే నడుద్దాం" అనెను. మా తల్లి యొప్పుకొనలేదు. పర్వదినము కానినాఁడు సముద్రమును ముట్టరాదనెను. "ఎదిగిన పిల్లను తొవ్వల పొంటి నడిపిస్తవా? మంది ఏమంటరు?" అని గద్దించెను. నేను స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి చిన్న యుపన్యాసమిచ్చితిని. ఇంటిలో కూర్చుండి యిచ్చు నుపన్యాసమునకు వెలలేదని యప్పటికి నాకుఁ దెలియదు.

సంక్రాంతి సెలవులలో బయలుదేఱి, రెండు దినములలో నడువ నిశ్చయించుకొంటిమి. రామకృష్ణా బీచికడ, 2002 నుండి ప్రదర్శనశాలగానున్న కురుసుర జలాంతర్గామి ప్రక్కనుండి తెల్లవాఱకముందే నడక మొదలుపెట్టితిమి. అక్కడ నడచువారికి వెడల్పైన బాట యున్నది; ఆఁడువారును వృద్ధులును నిర్భయముగాఁ దిరుగుచుండిరి. కైలాసగిరి దాఁటిన కొలఁది దారి స్వభావము మాఱెను. అది బండ్ల దారి. ఒకప్రక్క చక్రములు, ఒకప్రక్క కెరటములు. నడుమ మనుష్యుని పాదములకుఁ జోటు లేదు. కావున ఇసుకలోనికి దిగితిమి.

ఋషికొండ దాఁటినపిదప నొకచోట ఒక విశ్రాంతిగృహమువారి గోడ ఇసుక వఱకు వచ్చియుండెను. కావలివాఁడు "ఇది ప్రైవేటు స్థలమండీ, రోడ్డు మీఁదుగా పోండి" అనెను. వానిపై కోపగించి లాభమేమి? నేను వెనుదిరిగితిని. అంతలో తలపై చేపలగంపతో నొక జాలరి స్త్రీ వచ్చి, గోడ క్రిందనున్న తడియిసుకను చూపి, "నీరు లాగినప్పుడు మేం ఇలాగే ఎల్తాం బాబూ, రండి" అని ముందు నడిచెను. నా కూఁతురు సంతోషముతో నామె వెంట నూఱడుగులు ముందునకుఁ బోయెను. వెంటనే నేను "బిడ్డా, ముంగట పోకు! ఒక్కదానివి పోకు!" అని కేక వేసితిని. ఆ పిల్ల నిలిచి వెనుకకుఁ జూచి, "ఆమె రోజూ ఒక్కతే పోతది గద నాయినా?" అనెను.

నాకు మాట రాలేదు. మా తల్లి యింటిలో చెప్పిన మాటనే నేను సముద్రపుటొడ్డున చెప్పితిని. భేదమొక్కటే: ఆమె దానికి ఆచారమని పేరు పెట్టెను, నేను జాగ్రత్తయని పేరు పెట్టితిని.

సాయంకాలమున తొట్లకొండ యెక్కితిమి. ఱాతిలో తొలిచిన నీటితొట్లవలన దానికాపేరు వచ్చెనందురు. రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు వసించిన యా కొండపైనుండి తీరమంతయుఁ గానవచ్చును. అక్కడ కూర్చుండి కూఁతునకు ఒడ్డెవరిదో చెప్పితిని. క్రీ. శ. 533లో జస్టీనియను చక్రవర్తి వెలువరించిన రోమకధర్మగ్రంథము గాలియు, పాఱునీరును, సముద్రమును, దాని తీరమును సర్వజనసామాన్యములని చెప్పినది. మన సర్వోన్నతన్యాయస్థానమును 1996 డిసెంబరులో నొక తీర్పునందు ఆ సూత్రమునే గ్రహించి, ఇట్టివానికి ప్రభుత్వము యజమాని గాదు, ధర్మకర్తయనెను. 1991లో వెలువడి, 2011లోను 2019లోను మాఱిన తీరనియమములు పోటుగీతనుండి 500 మీటర్ల వఱకు కట్టడములకు హద్దులు పెట్టినవి. "మఱి నడిచేటోళ్లకు ఏం రాసిన్రు?" అని యా పిల్ల యడిగెను. కట్టరాదని చెప్పుట వేఱు, నడువుమని చెప్పుట వేఱు. ఈ రెండవ మాటకొఱకే ఇంగ్లండువారు ప్రత్యేకముగా శాసనము చేసికొనిరి.

మఱునాఁడు ఎఱ్ఱమట్టిదిబ్బలు చూచితిమి. 2014లో భూవారసత్వస్థలముగా గుర్తింపఁబడిన యా దిబ్బలు నీరు తొలిచిన లోయలతో మిక్కిలి మెత్తనివి. నడచువారి పాదములే వానిని చెఱుపఁగలవు. కావున బాట వేయుట యనఁగా అన్నిచోట్ల త్రొక్కుట కాదు, ఎక్కడ త్రొక్కరాదో చెప్పుటయు. మధ్యాహ్నమునకు గోస్తనీనది కడలిఁ గలియు భీమునిపట్టణము చేరితిమి. ఆ దినము పర్వము కాదు. అయినను నా కూఁతురు మోకాలిలోఁతు నీటిలో నిలిచెను. నేనును నిలిచితిని.

తీరపుదారిని విశాలము చేయువారికి నా విన్నపము స్వల్పము. బండ్లకెంత వెడల్పైన నిండు. పాదములకొక పట్టె విడువుఁడు. పడవలు లాగుకొను చోటును, వలలారవేయు చోటును జాలరులనుండి తీసికొనకుఁడు; ఆ బాటను తొలుత త్రొక్కినవారు వారే. మంచినీరును, మఱుగుదొడ్డియు, దీపమును ఏర్పఱపుఁడు. ఆఁడుపిల్ల యొంటరిగా నడువఁగల బాటయే పూర్తియైన బాట.

అయితే ప్రభుత్వము చేయఁగలుగునది సగమే. కాలేజీకిఁ బోవుటకు నా కూఁతురు ప్రతిదినము బస్సు నిలుచు చోటికి నడువవలయును. ఏఁడాదిగా నేను వెంటఁబోవుచుంటిని. సెలవులైన పిదప మొదటినాఁడు చెప్పులు తొడుగుకొనుచుండఁగా, మా తల్లి "అది పోతది తియ్, నువ్వు కూసో" అనెను. ఆమె యెందుల కట్లనెనో అడుగలేదు. ఇప్పుడా పిల్ల యొక్కతే పోవుచున్నది. మలుపు తిరుగు వఱకు నేను గడపకడ నిలిచియుందును. భయమింకను పోలేదు, కాని దానిని మోయవలసినవాఁడను నేనే కాని యా పిల్ల కాదు.