బ్రిక్స్‌టన్ స్టేషన్ బయట

లండన్‌లో విక్టోరియా లైను రైలెక్కి దక్షిణంగా పోతే ఆఖరి స్టేషను బ్రిక్స్‌టన్. "అందరూ బిగ్‌బెన్ చూస్తారు, నువ్వేంటి బాబాయ్ ఇక్కడికి?" అని మా అన్నయ్యగారబ్బాయి ఒకటే విసుగు. వాడికేం తెలుసు! ఈ స్టేషను బయట నించుని ఒక డైరెక్టరు తన సినిమాకి తనే కరపత్రాలు పంచాడు మరి!

ఆయన పెర్రీ హెంజెల్. జమైకా మనిషి. సినిమా పేరు 'ది హార్డర్ దే కమ్', 1972లో వచ్చింది. ఐవన్ అనే పల్లెటూరి కుర్రాడు పాటగాడినవుదామని బస్సెక్కి కింగ్‌స్టన్ వస్తాడు. పాట రికార్డు చేస్తే నిర్మాత చేతిలో పెట్టేది ఇరవై డాలర్లు! చివరికి కుర్రాడు తుపాకీ పడతాడు. ఐవన్ వేషం కట్టిన జిమ్మీ క్లిఫ్ నిజంగానే గాయకుడు. చిన్నప్పుడే పల్లె వదిలి కింగ్‌స్టన్ చేరినవాడే.

కింగ్‌స్టన్ క్యారిబ్ థియేటర్‌లో మొదటి ఆటకి జనం గేట్లు తోసుకుని వచ్చిపడ్డారు. తమ మనుషులు తమ యాసలో మాట్లాడుతుంటే తెర మీద చూడాలని ఎవరికుండదు చెప్పండి? లండన్‌లో మాత్రం మొదట హాలు వెలవెలబోయింది. అప్పుడే ఈ కరపత్రాలు! బ్రిక్స్‌టన్‌లో స్థిరపడ్డ కరీబియన్ జనం కదిలారు, హాలు నిండింది.

అంతకుముందు రెగే బయటివాళ్ళకి బొత్తిగా తెలీదని కాదు. దానికి తల్లిలాంటి 'స్కా' బాణీలో మిల్లీ స్మాల్ పాడిన పాట 1964లోనే బ్రిటన్‌లో రెండో స్థానానికెక్కింది. 1969లో డెస్మండ్ డెక్కర్ పాట ఏకంగా మొదటి స్థానం! జనం చిందులేశారు, అంతే. ఆ పాట ఏ వీధిలో పుట్టిందో చూపించింది మాత్రం సినిమాయే. అమెరికాలో 1973లో విడుదలైంది. వాళ్ళది ఇంగ్లీషే అయినా జమైకా యాస అర్థం కాదని కింద అక్షరాలు వేశారు! కేంబ్రిడ్జి పట్నంలో విద్యార్థులు అర్ధరాత్రి ఆటలు ఏళ్ళ తరబడి ఆడించారు. సినిమా పాటల రికార్డు వేసిన ఐలండ్ కంపెనీయే 1973లో బాబ్ మార్లే బృందం ఎల్పీ తెచ్చింది. 1974లో మార్లే పాటని ఎరిక్ క్లాప్టన్ పాడితే అమెరికాలో నంబర్ వన్!

ఇదంతా చెప్తుంటే మావాడు నోరు తెరుచుకు విన్నాడు. "మరి ఆ ఇరవై డాలర్ల సంగతేంటి బాబాయ్?" అన్నాడు.

నాకు మా ఊరి మిత్రుడొకడు గుర్తొచ్చాడు. బంగారంలాంటి గొంతు. మద్రాసు రైలెక్కి, ఆర్నెల్లు స్టూడియో గేట్ల దగ్గర నించుని తిరిగొచ్చేశాడు. మళ్ళీ పాడలేదు. అతగాడికి కరపత్రం పంచినవాళ్ళెవరూ లేరు.

జవాబు చెప్పలేక రైలెక్కేశాను.