ఆ పిల్లల రక్తంలో ఏం చూడాలి

ఆటిజానికి రక్తపరీక్ష ఉందా అని పాఠకులు అడుగుతున్నారని సంపాదకులు పంపితే, ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి పాథాలజీ ల్యాబుకు వెళ్లాను. యంత్రాల గది కన్నా నన్ను ఆపేసింది ఒక సీనియర్ టెక్నీషియన్ చేతులు. ఊదా మూత ట్యూబులోంచి చిన్న రక్తపు చుక్క తీసి ఆవిడ స్లైడు చివర పెట్టింది. ఇంకో స్లైడును ఏటవాలుగా పట్టి చుక్కకు తాకించగానే రక్తం ఆ అంచు పొడవునా పాకింది. తడబడకుండా ఒక్క తోపు తోసింది. నాలుకలా పలచటి పొర పరుచుకుంది. దాని చివర కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా పడాలి. వానాకాలం ఆరడం ఆలస్యమైతే కణాల్లో లేని బొక్కలు కనబడతాయంటూ వెంటనే ఆరబెట్టింది. ఆ తర్వాతే లీష్మన్ రంగు. "అందరికీ మిషన్ ఇచ్చే అంకెలు చాలండీ, స్లైడు చూడమని అడిగేవాళ్లేరీ?" అని పక్క బల్ల దగ్గరివాళ్లతో అంటోంది.

ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ ముందు పాఠకుల ప్రశ్న సంగతి చూద్దాం. ఆటిజానికీ రక్తానికీ అసలు సంబంధమే లేదనలేం. కొందరు ఆటిజం పిల్లల రక్తంలో సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువగా ఉంటోందని 1961లోనే షైన్, ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకులు రాశారు. రక్తంలోని సెరటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్లలోనే ఉంటుంది. అలాంటప్పుడు దాన్నే పరీక్షగా ఎందుకు పెట్టుకోకూడదని అడగొచ్చు. ఆటిజం ఉన్న ఎక్కువమందిలో ఆ పెరుగుదల కనబడదు, లేనివాళ్లలో కొందరికి కనబడుతుంది. ఇక ఎర్ర కణాల ఆకారం సంగతంటారా, ట్యూబులో గంటల తరబడి నిలవున్న రక్తంలో ఆరోగ్యవంతుల కణాలకూ ముళ్లు లేస్తాయి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల తీరును గమనించి ఆటిజాన్ని వర్ణించాడు. నేటికీ నిర్ధారణ పిల్లల చూపు, మాట, ఆట, ప్రవర్తన చూసే జరుగుతుంది. తెరమీద రక్తపు చుక్క చూపించి "ఇదిగో ఆటిజం" అంటూ మందులు అమ్మేవాళ్లు కన్నవాళ్ల దిగులును సొమ్ము చేసుకుంటున్నారు. అది క్షమించరాని పని.

మరి ఆ పిల్లలకు సూది గుచ్చడం దేనికి? ఆటిజం కోసం కాదు, ఆటిజం చాటున దాగే జబ్బుల కోసం. వాళ్లలో చాలామంది రెండు మూడు రకాల తిండి తప్ప ముట్టరు. కొందరు మట్టి, గోడ పెచ్చులు తింటారు. ఇనుము తగ్గితే ఎర్ర కణాలు చిన్నవై పాలిపోతాయి. విటమిన్ బీ12 చాలకపోతే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం కేంద్రకం ఐదారు ముక్కలుగా విడివడి కనిపిస్తుంది. సీసం ఒంట్లో చేరితే ఎర్ర కణాల్లో నీలి చుక్కలు కనబడవచ్చు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017లోగానీ అమల్లోకి రాలేదు. పాత గోడల మీద అంతకు ముందటి రంగు ఇంకా ఉంది. ఇనుము తగ్గినా, సీసం చేరినా పిల్లలకు చిరాకు, నిలకడలేమి రావచ్చు. వాటన్నిటినీ ఆటిజం ఖాతాలో వేసేసి ఊరుకుంటే, మందున్న బాధను కూడా బిడ్డ ఊరికే మోయాలి.

యంత్రం ఉండగా కన్ను దేనికన్నది ఇంకో ప్రశ్న. నిమిషంలో వేల కణాలు లెక్కపెట్టి సగటు పరిమాణం చెప్పే యంత్రానికి లెక్కలో ఏ మనిషీ సాటిరాడు. కానీ సీబీసీ (యంత్రమిచ్చే రక్తకణాల లెక్క) అంకెల్లో నీలి చుక్కలు ఉండవు. స్లైడులో అవి కనబడలేదని సీసం లేదనీ అనుకోకూడదు, రక్తంలో సీసం ఎంతుందో విడిగా కొలవాల్సిందే. ఆ కొలత అవసరమన్న అనుమానం పుట్టించడమే స్లైడు చూసే కంటి పని. దేనికోసం చూడాలో ఆ కంటికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చూసిన పరీక్ష చీటీల్లో రోగి వివరాల గడి ఖాళీగా ఉంది. "ఆటిజం, మట్టి తింటాడు, అన్నం తప్ప ఏమీ తినడు" అని పిల్లల డాక్టరు అందులో రాయాలి, కింద స్లైడు చూడమని అడగాలి. ల్యాబులో కొత్తగా చేరేవాళ్లకు యంత్రం నడపడంతోపాటు స్లైడు చదవడం కూడా, ఆ పని వచ్చిన పెద్దవాళ్లు రిటైరయ్యేలోగా, నేర్పించాలి.