రంగం రేవులో దిగినవాడు

భాద్రపద బహుళ అమావాస్యనాడు మా ఇంట్లో పెట్టే పిండాలలో ఒకటి, పోయిన తిథి తెలియని మనిషిది. ఆయన మా ముత్తాత. కోరంగికి కూతవేటు దూరంలో పుట్టి, ఓడ కళాసీగా సముద్రం మీదికి వెళ్ళి, మరి తిరిగి రాలేదు. "ఎండెను ముంచేసింది" అన్నది మా ఇంట్లో నాలుగు తరాలుగా నిలిచిన మాట. చిన్నప్పుడు ఎండెను అంటే ఏదో తుఫాను పేరనుకునేవాణ్ణి. కోరంగి వాళ్ళకు సముద్రం చేసిన అపకారాలు తక్కువేమీ కాదు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన వచ్చి ఊరిని ఊడ్చిపెట్టింది. మిగిలిన రేవును గోదావరి తెచ్చిన ఒండ్రు పూడ్చేసింది. ఓడలన్నీ కాకినాడకు తరలిపోయాయి.

ఎండెను జర్మనీవారి యుద్ధనౌక అని చాలాకాలానికి తెలిసింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ నూనె తొట్లను తగలబెట్టింది ఆ నౌకే. అంతకుముందు రోజుల్లో బంగాళాఖాతంలో వరుసగా సరుకు ఓడలను పట్టుకుని ముంచింది. తాతమ్మ గాజులు పగిలిందీ ఆ ఏడు చలికాలంలోనే. కాబట్టి కథ సరిపోయినట్టే ఉంది.

సరిపోలేదు. ఎండెను నాయకుడు ఫన్ మ్యూలర్ గురించి చదివిన కొద్దీ నాకు అనుమానం ముదిరింది. అతడు సరుకు ఓడను పట్టుకుంటే మనుషులను దించిన తరువాతే ముంచేవాడు. అలా దించినవారిని కబింగా అనే ఓడకు ఎక్కించి, సెప్టెంబరు 14న విడిచిపెట్టాడు కూడా. శత్రువులు సైతం మెచ్చుకున్న పెద్దమనిషి అతడు. మరి మా ముత్తాత ఎక్కడ మునిగినట్టు?

ఓడల కాగితాలలో మనిషిని వెతకడం ఊళ్ళో కరణం లెక్కలు వెతకడం లాంటిది కాదు. బ్రిటిష్ ఓడ ప్రతి ప్రయాణానికీ సిబ్బంది ఒప్పందపత్రం ఒకటి ఉండేది. అయితే ఆ పత్రాలన్నీ ఓడ అధికార సంఖ్యను బట్టి దాచినవే తప్ప మనిషి పేరును బట్టి కాదు. ఓడ పేరు తెలియకపోతే మనిషి లేనట్టే. పైగా అవి ఒక్కచోట లేవు. 1861 తరువాతి వాటిలో పదోవంతు లండను శివారు క్యూలోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. అయిదుతో ముగిసే సంవత్సరాలవి గ్రీనిచ్ నౌకామ్యూజియంలో. తక్కిన వాటిలో అధికభాగం అట్లాంటిక్ దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. కోరంగి నుంచి సొంత తెరచాప దోనెల మీద రంగం పోయినవాళ్ళ ఊసు వీటిలో వేటిలోనూ ఉండదు. మా ముత్తాత పొగ ఓడ ఎక్కాడన్న ఒక్క మాటే నాకు ఆధారం.

అదృష్టవశాత్తు 1915 పత్రాలను మాత్రం స్వచ్ఛంద సేవకులు పేరుపేరునా ఎక్కించి ఇంటర్నెట్టులో పెట్టారు. పోయాడనుకున్న మనిషిని పోయిన మరుసటి ఏడాదిలో వెతకడం అవివేకమే. అయినా వెతికాను. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు ఇంగ్లీషు గుమాస్తాకు అంతుపట్టదు. ఇంటిపేరే మనిషి పేరవుతుంది. అసలు పేరు తోక తెగి చివర చేరుతుంది. కాకినాడ 'కొకనాడ' అవుతుంది. నాకు తోచిన వర్ణక్రమాలన్నీ వేసి చూస్తూ రెండు నెలలు గడిపాను.

దొరికింది. కలకత్తాలో చేరిన లస్కరు. వయసు ఇరవై తొమ్మిది. పుట్టిన చోటు కొకనాడ. ఇంటిపేరు మాదే, ఒక అక్షరం తప్పుతో. దిగిన చోటు రంగూన్, 1915 వేసవి. కారణం అన్న గడిలో ఒకే మాట: డిశ్చార్జి. అంటే పని ముగిసి, జీతం పుచ్చుకుని దిగాడన్నమాట. ఇక్కడ గాజులు పగిలిన ఆరేడు నెలలకు అక్కడ ఆయన లెక్క చూసుకుని రేవులో దిగాడు.

ఆయనేనా? ముత్తాతకు చదువు వచ్చునని ఇంట్లో చెప్పేవారు. ఈ కాగితంలో సంతకం చోట ఇంటూ గుర్తు ఉంది. కానీ ఆ పుట నిండా అందరికీ అదే సిరాతో, అదే వాలుతో ఇంటూ గుర్తులే. గుమాస్తా ఒక్కడే గీసి ఉంటాడు. కనుక ఆ గుర్తు ఆయనేనని చెప్పదు, కాదనీ చెప్పదు.

తాతమ్మ చేతి మీద పెరిగినది మా పెద్దత్తయ్య. ఎనభై ఆరేళ్ళు. ఆమెకు చెప్పడమా మానడమా అని నెల రోజులు తటపటాయించాను. తాతమ్మ ఇరవై రెండేళ్ళకే పెళ్ళిపందిళ్ళకు దూరమైన మనిషి. ఆ బ్రతుకంతా ఒక పుకారు మీద గడిచిందని చెప్పడానికి నేనెవరిని? చివరికి కాగితం అచ్చు తీసి పట్టుకెళ్ళాను.

అత్తయ్య భూతద్దంతో చాలాసేపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"ఒరే అబ్బాయ్, రంగం నుంచి ఓమాటు మనియార్డరు వచ్చిందనీ, మామ్మ పుచ్చుకోకుండా తిప్పి పంపిందనీ మా అమ్మ అనేది. నేనడిగితే చీపురు తిరగేసింది."

"ఎవరు పంపారత్తయ్యా?"

"ఎవరేవిటి? మామ్మ తమ్ముడూ రంగంలో బియ్యం మిల్లులోనే ఉండేవాడు కదా. వాడిదే అయ్యుండొచ్చు. అక్కాతమ్ముళ్ళకి పడేది కాదు."

కాసేపాగి మళ్ళీ అంది: "కర్మ చేసేశాక మనిషి తిరిగొస్తే గుమ్మం తొక్కనిస్తారా ఏవిటి? ఎవరో చెప్పే ఉంటారు ఆయనకి, నీ దినం అయిపోయిందని."

ఈ ఆలోచన నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. కాకినాడకూ రంగానికీ మధ్య ఓడలు ఆగకుండా తిరిగేవి. అప్పటికి బర్మా కూడా ఇండియాలో ఒక రాష్ట్రమే. ఆ రేవుల్లో సరుకు మోసేవాళ్ళు మనవాళ్ళే. కోరంగీలని పేరుపడినవాళ్ళు, 1930 అల్లర్లలో నరికివేతకు గురైనవాళ్ళు. ఊరి కబురు అందకపోవడమే కష్టం.

"మరి ఈ ఏడు అమావాస్యకో?" అన్నాను.

"పెట్టరా. ఇప్పటికి నూటనలభై ఏళ్ళ మనిషి. ఇంకా ఎదురుచూస్తావా?"

ఆ పత్రంలో అంతకుముందు పనిచేసిన ఓడ పేరు కూడా ఉంది. 1914లో ఆ ఓడ కాగితం దొరికితే ఎండెను కథ ఎలా పుట్టిందో కొంత తెలియవచ్చు. ఓడ పేరు, అధికార సంఖ్య రాసి న్యూఫౌండ్‌లాండ్‌కు ఉత్తరం పంపాను. అత్తయ్య మాత్రం ఆ మనియార్డరు ఏ ఏటిదో గుర్తుతెచ్చుకునే పనిలో ఉంది. నిన్న ఫోను చేసి, అది తన తండ్రి బడిలో వేసిన ఏడాదిదేమో అంది. రాత్రి మళ్ళీ చేసి, కాదేమో అంది.