నాయిన బుగ్గమీది మచ్చ

ఫిల్ము ముక్కను ఎండకు పట్టి చూశారా మీరెప్పుడైనా? నేను చూశాను. మా నాయిన జనగామలో సినిమా ఆపరేటరు. తెగిన ముక్కలు జేబులో వేసుకుని నర్మెట్టకు తెచ్చేవాడు. సెకనుకు 24 బొమ్మలు, బొమ్మకు అటూ ఇటూ నాలుగేసి రంధ్రాలు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన లెక్క ఇదే!

నాయిన పోయిన పదోనాడు తమ్ముడు ఓ ఫోటో కట్టించుకొచ్చాడు. పాతికేళ్ళ నాయిన, నలుపు తెలుపుల్లో. అచ్చం పాత సినిమా స్టిల్లే! చుట్టాలంతా మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం తేరిపార చూసి, "గీయన ఎవరు బిడ్డా?" అన్నది.

నా గుండె ఝల్లుమంది. సినిమాలమీద రాసి బతికేవాణ్ణి, నాకే అనుమానం రాలేదే!

మా ఊరి స్టూడియో కాక భూతద్దం పెట్టి చూశాడు. "ఫిల్ముల గ్రెయిన్ అంతట ఒక్కతీరుగ అగుపడదు బిడ్డా. బూడిదరంగుల కొట్టొచ్చినట్టు కనబడ్తది, తెల్లటి తెలుపుల కనబడదు. గీడ చూడు, తెల్లంగిమీద గూడ గదే గ్రెయిన్. రవ్వ చల్లినట్టు!" అన్నాడు. మరో గుర్తూ చెప్పాడు. ఎండ తగిలినచోట ఫిల్ములో వెలుగు మెల్లమెల్లగా తెలుపులో కలుస్తుంది. డిజిటల్‌లో తరచు గీత గీసినట్టు ఒక్కసారే తెల్లబోతుంది.

తమ్ముణ్ణి నిలదీస్తే ఒప్పుకున్నాడు. పాత ఫోటోకు చెదలు పట్టిందట. సెల్‌ఫోన్‌తో తీసి, యాప్‌లో ముఖం నునుపు చేసి, పైన గ్రెయిన్ చల్లాడు. ఆ నునుపులో, అమ్మవారు పోసినప్పుడు నాయిన ఎడమ బుగ్గమీద మిగిలిన మచ్చ కాస్తా మాయమైంది. అమ్మ వెతుక్కున్నది ఆ మచ్చనే!

వాడి ప్రేమను తప్పు పట్టను. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్దలేదూ? కాని వాళ్ళు అద్దామని చెప్పి అద్దారు, మనం తెలిసే చూశాం. తమ్ముడు చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

కాక తన రేకుడబ్బాలన్నీ బోర్లించాడు. దొరికింది నెగటివ్! "కండ్లు మోసపోతయి బిడ్డా. గిదే సాక్ష్యం" అన్నాడు. చిన్నప్పటిలాగే ఎండకు పట్టి చూశాను. ముఖం నల్లగా, బుగ్గమీద మచ్చ తెల్లగా. నాయినే!

ఇప్పుడు గోడమీద ఆ నెగటివ్‌నుంచి తీసిన ఫోటోనే ఉంది. మీ ఇంట్లోనూ నెగటివ్‌లుంటే చెత్తలో వేయకండి. ఒక్కసారి ఎండకు పట్టి చూడండి, ఎవరున్నారో!