నోరులేని బండి

సిద్దిపేటలో చలేముంటుంది, మీవన్నీ ఎండలేగా అంటుంది విశాఖపట్నంలో ఉన్న మా వదిన. ఎండలు మావే, కాదనను. కాని పుష్యమాసంలో ఒక్కరోజు పొద్దున ఏడింటికి మా కోమటి చెరువు కట్టమీద అయిదు నిమిషాలు నిలబడి, అప్పుడు అనమనండి ఆ మాట! సముద్రం పక్కన కాపురం చేసేవాళ్లకు మా చలి ఎలా తెలుస్తుంది? పది, పన్నెండు డిగ్రీలు మాకు మామూలు. ఒక్కోనాడు అంతకంటే కిందికి దిగుతుంది కూడాను.

ఆ చలిలో, నలభై ఎనిమిదేళ్ల వయసులో, కరెంటు బండిమీద పదిహేను కిలోమీటర్లు వెళ్లే పంతులమ్మను నేను. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సిన సంగతులు ముందున్నాయి.

చిన్నకోడూరు వైపు ఒక పల్లెలో, హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. చలికాలం వచ్చిందంటే పదో తరగతి పిల్లలకు పొద్దున ఎనిమిదింటికే ప్రత్యేక తరగతులు మొదలవుతాయి. అయినా సరే, బండి మాట ఎత్తగానే మావారు కళ్లజోడు పైకి జరిపి చూశారు. 2023 డిసెంబరు 9 నుంచి మా రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు గదా! "జీరో టికెట్ చేతుల పెట్టి తీస్కపోతుంటే, లక్ష రూపాయలు పోసి బండెందుకు?" అన్నారు. టికెట్ లేని మాట నిజమే, కాని నేను వెళ్లే వేళకు బస్సు కూడా లేదండీ అనాలి నేను. అనలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అబ్బాయి, సెలవుకు వచ్చి, నా తరఫున వాడే అన్నాడు. కరెంటు బళ్లకు రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషన్ ఫీజూ లేకుండా 2024 నవంబరులో ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు సంగతి కూడా చెప్పి వాళ్ల నాన్నను ఒప్పించాడు. పన్ను లేదంటే మావారు దేనికైనా సగం ఒప్పుకుంటారు.

మా అత్తమ్మ మటుకు ఒక షరతు పెట్టింది. రాత్రిపూట అందరం పడుకున్నాక ఇంట్లో ఛార్జింగు పెట్టగూడదు. ఆవిడ భయం ఉత్త భయం కాదు. 2022 ఏప్రిల్లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. ఆ సెప్టెంబరులోనే సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఉన్న కరెంటు బళ్ల షోరూములో మంటలు లేచి ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల పరీక్షల నియమాలు 2022 డిసెంబరు నుంచి గట్టి చేసిందని చెప్పాను. "గట్టిగ చేసిండ్రు సరే, మనమెందుకు మెత్తగుండాలె?" అంది అత్తమ్మ. దానికి నా భౌతికశాస్త్రంలో జవాబు లేదు.

మొన్న ఎండాకాలంలో బండి ఇంటికి వచ్చింది. అత్తమ్మ కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను ఎక్కి కూచుని మీట నొక్కాను.

"చాలు చెయ్యి మరి" అంది.

"అయింది అత్తమ్మా."

"అయితే చప్పుడేది?"

మెల్లగా ముందుకు కదిలాను. నిమ్మకాయలు చితికిన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. అత్తమ్మ ముక్కుమీద వేలేసుకుని, "మంచిగున్నది బిడ్డా! అచ్చం నీ లెక్కనే. నోరులేని బండి" అని మెచ్చుకుంది.

ఇరవై నాలుగేళ్ల కింద నేను కాపురానికి వచ్చిన కొత్తలో, నన్ను చూడవచ్చిన అమ్మలక్కలందరితోనూ ఆవిడ ఈ మాటే చెప్పేది. "మా కోడలు నోరులేని పిల్ల." బీఎడ్డు పట్టా కంటే ముందు నాకు వచ్చిన సర్టిఫికెట్ అది. ఇన్నేళ్లూ మడత నలగకుండా దాచుకుంటూ వచ్చాను.

ఎండాకాలం, వానాకాలం సుఖంగా గడిచాయి. కార్తీకం వెళ్లగానే బండి వేషాలు మొదలయ్యాయి. నిండా ఛార్జింగు ఉంటే ఎనభై కిలోమీటర్లు చూపించేది, డెబ్బై చూపించసాగింది. పాడైందేమోనని మావారు కంగారు పడ్డారు. పాడు కాలేదు. చలికి మనకు కీళ్లు పట్టేసినట్టే దానికీ లోపల పట్టేస్తుంది. లిథియం బ్యాటరీలో రసాయన చర్య చల్లదనానికి మందగిస్తుంది, లోపలి నిరోధం పెరుగుతుంది, ఇచ్చే శక్తి తగ్గుతుంది. ఎండెక్కితే మళ్లీ మామూలే. సున్నా డిగ్రీల కంటే కింద ఛార్జింగు పెడితే నిజంగానే చెడుతుందిగాని, సిద్దిపేటకు అంత గతి పట్టలేదు. చలిదేశమైన నార్వేలోనే 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది కరెంటువి. వాళ్లు మంచుగడ్డలమీద నడుపుకుంటుంటే, మనం పది డిగ్రీలకే బండిని తిట్టడం ఏం మర్యాద?

అయితే ఒక చిట్కా ఉంది. ఛార్జింగు అప్పుడే పూర్తయిన బ్యాటరీ కాస్త వెచ్చగా ఉంటుంది. అందుకని బయలుదేరే వేళకు ఛార్జింగు నిండేట్టు పెట్టుకుంటే మంచిది. అటు అత్తమ్మ షరతు, ఇటు ఈ చిట్కా, రెండూ కలిసి నన్ను తెల్లవారుజామున నాలుగింటికి లేపడం మొదలుపెట్టాయి. లేచి, వాకిట్లోకి వెళ్లి, ప్లగ్గు పెట్టి, ఇక పడుకుంటే నిద్ర రాదు గనక అన్నమూ కూరా వండి, టిఫిన్ చేసి, డబ్బాలు సర్ది, ఏడింటికి బయలుదేరేదాన్ని. మావారు అప్పుడు రగ్గులోంచి ముక్కు మాత్రం బయటపెట్టి, "పోతున్నవా? జాగ్రత్త" అనేవారు.

బండిమీద చలి వేరు. పది డిగ్రీల చలిలో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒంటికి ఆరు డిగ్రీల చలిలా తగులుతుందని వాతావరణ శాస్త్రం వాళ్ల లెక్క. ఇంజను బండి అయితే కాళ్లకు కాస్త సెగైనా తగిలేది. దీనికి అదీ లేదు. స్వెటరు, దానిమీద మావారి పాత కోటు, చెవులకు మఫ్లరు, పైన హెల్మెట్టు, చేతులకు ఉన్ని తొడుగులు వేసుకున్నా, ఊరు దాటేసరికి వేళ్లు నావి కావు. బళ్లో సుద్దముక్క పట్టుకుంటే పది నిమిషాలదాకా అక్షరం తిన్నగా వచ్చేది కాదు. ఎవరితో చెప్పాను? ఎవరితోనూ చెప్పలేదు. మళ్లీ "బస్సు ఉండగా బండెందుకు" అంటారని భయం.

సరే, అసలు సంగతికి వస్తాను.

చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది గదా. 2020 ఏప్రిల్లో కాళేశ్వరం నీళ్లు వచ్చి చేరాయి అందులోకి. మూడు టీఎంసీల నీళ్లు. అది వచ్చినప్పటినుంచి మంచు ఎక్కువైందని మా పిల్లలు అంటారు. ఆ మాట ఎంత నిజమోగాని, ఆ రోజు పొద్దున మాత్రం రోడ్డుమీద పదిగజాల అవతల ఏమీ కనబడలేదు. కళ్లజోడు మీద ఆవిరి. బండిని బాగా నెమ్మది చేశాను.

ఒక చింతచెట్టు మలుపులో, ముందు ఎవరో నడుస్తూ కనిపించారు. నల్ల గొంగడి నెత్తిమీదినుంచి కప్పుకుని, చేతిలో పాలక్యానుతో ఒక అవ్వ. పాలకేంద్రానికి వెళుతున్నట్టుంది. నా బొటనవేలు హారను మీదే ఉంది. నొక్కలేదు. పొద్దున్నే పెద్దమనిషి వెనకనుంచి కుయ్యిమంటే ఉలిక్కిపడదా, పక్కనుంచి మెల్లగా వెళ్లిపోదాంలే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ రోడ్డు దాటడానికి ఇటు తిరిగింది.

బ్రేకు పట్టాను. పట్టాననే అనుకున్నాను, కొయ్యబారిన వేళ్లు ఒక క్షణం ఆలస్యంగా ముడుచుకున్నాయి. తడి రోడ్డుమీద చక్రం జారింది. బండి ఒక పక్కకు, నేనొక పక్కకు. క్యాను ఎగిరి పడి, దాని మూత తారుమీద గుండ్రంగా తిరుగుతూ చాలాసేపు మోగింది. అవ్వ రోడ్డుమధ్య కూలబడి ఉంది. కదలడం లేదు.

ఆమె కదిలేదాకా పట్టిన కాలం ఎంతో నేను చెప్పలేను. మోకాలు చిట్లిన సంగతి కూడా అప్పుడు తెలియలేదు. పాకుతున్నట్టే దగ్గరికి వెళ్లి, "అవ్వా, తాకిందా? ఏడ తాకింది?" అంటూ చేతులూ కాళ్లూ తడిమాను. భయానికి కూలబడింది తప్ప బండి ఆమెను తాకలేదు. గొంగడి చెవులమీదినుంచి తీసి, నన్ను ఎగాదిగా చూసి అడిగింది.

"ఏం బిడ్డా, నీ బండికి నోరు లేదా?"

"ఇది కరెంటు బండి అవ్వా, చప్పుడు రాదు."

"బండికి నోరు లేకపాయె. నీకు గూడ లేకపాయెనా? ఎనుకకెళ్లి వస్తున్నవని నాకేం ఎరుక? ఒక్క కూతన్న పెట్టరాదు?"

నువ్వు ఉలిక్కిపడతావని పెట్టలేదు అని చెబితే, "ఉలికిపడితే సచ్చిపోతనా? తాకితే సస్తగని" అంది.

నాలుగు లీటర్ల పాలు రోడ్డుపాలు. మూడు వందలు చేతిలో పెట్టాను. వేళ్లు మడిచి లెక్క కట్టి, వంద వెనక్కి ఇచ్చింది. "పోయిన పాలకే తీస్కుంట. ఎక్కువ నాకెందుకు? పో, మోకాలికి కట్టు కట్టుకో" అని, ఖాళీ క్యాను పట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆ రోజు ప్రత్యేక తరగతిలో నేనేం చెప్పానో నాకే తెలియదు. మధ్యాహ్నం కూచుని ఆలోచిస్తే, నేను చెప్పే పాఠంలోనే ఉంది సంగతంతా. వేగంగా పోతే టైర్ల రాపిడి చప్పుడైనా వినబడుతుంది. నెమ్మదిగా పోతేనే ఈ బండి అసలు వినబడదు. మంచు గనక నెమ్మదిగా వెళ్లాను, నెమ్మదిగా వెళ్లాను గనక వినబడలేదు. పైగా చలికాలం, పల్లెలో ప్రతి మనిషి చెవులూ గుడ్డకిందే ఉంటాయి. ఈ చిక్కు ఐరోపావాళ్లు ముందే గ్రహించారు. అక్కడ కరెంటు కార్లు గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు వేగంలో పోతున్నప్పుడు ఏదో ఒక ధ్వని చేసి తీరాలని నియమం పెట్టారు. 2019 జులైలో కొత్త మోడళ్లకు, 2021 జులైనుంచి కొత్తగా రోడ్డెక్కే కార్లన్నిటికీ. బండి చప్పుడు చెయ్యకపోవడమే గొప్ప అని నేను మురిసిపోతుంటే, అక్కడ అది నేరమైపోయింది!

ఇంట్లో చెప్పానా? లేదు. చలికి కాలు పట్టేసిందని రెండు రోజులు కుంటాను. మూడోనాటి రాత్రి అన్నాలు వడ్డిస్తుంటే, కంచం అందిస్తూ వంగలేక అక్కడే కూలబడ్డాను. కళ్లనీళ్లు వచ్చేశాయి. ఇక ఆపుకోలేక అన్నీ చెప్పేశాను. పడిన సంగతి, అవ్వ సంగతి, వేళ్లు కొయ్యబారడం, నాలుగింటికి లేవడం, నాలుగింటినుంచి పది మెతుకులు నోట పెట్టుకోకుండా ఏడింటికి పరుగెత్తడం. చెబుతూ చెబుతూ, ఇంకెప్పటివో, పెళ్లయిన కొత్తవి కూడా కొన్ని చెప్పాను.

మావారు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి చూస్తూ కూచున్నారు. "ఇంత కష్టమైతుంటే ఒక్కనాడన్న చెప్పినవా? నాకేం ఎరుక?" అన్నారు.

అవ్వ అన్న మాటే! ఇరవై నాలుగేళ్లు పక్కనే ఉన్న మనిషికి ఎరుక ఉండొద్దా అని ఉక్రోషం వచ్చిన మాట నిజం. ఇప్పటికీ కొంచెం ఉంది. కాని హారను మీద వేలు పెట్టి నొక్కకుండా వచ్చింది నేనే గదా అని కూడా అనిపించింది.

అత్తమ్మ ఏమంటుందో అని నా భయం. ఆవిడ ఏమీ అనకుండా లేచి వెళ్లి, పసుపు వేడి చేసి తెచ్చి, నా మోకాలికి పట్టు వేస్తూ, తల ఎత్తకుండా అంది. "నేను గూడ నీ లెక్కనే ఉన్న బిడ్డా, మీ మామ ఉన్నన్ని రోజులు. నోరులేనిదని అందరు మెచ్చుకునేటోళ్లు. మెచ్చుకునుడే గని, ఎవలు ఏం పంచుకున్నరు?"

ఆ రాత్రినుంచి మా ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. నాలుగింటికి ప్లగ్గు పెట్టే పని మావారిది. మొదటిరోజు మంకీ క్యాపు వేసుకుని వాకిట్లోకి వెళ్లి, రెండు నిమిషాల్లో వణుకుతూ వచ్చి, "ఇంత చలి ఉంటదా ఈ టైముకు!" అన్నారు. ఉంటుందండీ అన్నాను. పొద్దుటి వంట కూర ఒక్కటే నాది, అన్నం ఆయన కుక్కరులో పెడతారు. ఒక్కోరోజు జావ అవుతుంది. అప్పుడు కూడా ఊరుకోవడం లేదు, జావ అయిందని చెబుతున్నాను.

ఇప్పుడు చింతచెట్టు మలుపు వంద గజాల దూరం ఉండగానే రెండుసార్లు హారను కొడతాను. మంచులో అవ్వ కనబడినా, కనబడకపోయినా కొడతాను. మొన్న ఎదురైంది. వెనక్కి తిరిగి చూడలేదు. క్యాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, రోడ్డు పక్కకు జరిగి నిలబడింది. దగ్గరికి వెళ్లాక గొంగడిలోంచి మొహం బయటపెట్టి, "వచ్చిందే నోరు!" అంది.

వచ్చింది అవ్వా అన్నాను, కొంచెం గట్టిగానే.