ధర తెలిసినవారికే గెలుపు

గోల్ ఘర్‌లో ధర ఓడను బట్టి మారుతుంది. చెన్నై, విశాఖ ఓడలు ఆలస్యమైతే ఉల్లిపాయ బంగారమే! అందుచేత మా కుటుంబాల సాయంత్రానికి ధరల ఆట రూపొందించే పని మాపై పడినప్పుడు, గృహిణుల బజారు జ్ఞానానికే పట్టం కట్టదలచాము.

నమూనాగా అమెరికాలో 1972 నుండి సాగుతున్న ‘ద ప్రైస్ ఈజ్ రైట్’ టెలివిజన్ కార్యక్రమాన్ని తీసుకున్నాము. అందులో నలుగురు వరుసగా ధర చెబుతారు. అసలు ధర దాటక, దానికి దగ్గరగా చెప్పినవారు విజేతలు. అయితే చివరివారు పక్కవారి అంకెకు ఒక్క డాలరు కలిపి వారి నోటి ముందరి కూడు లాక్కోవచ్చు. మేము అందరిచేత ఒకేసారి చీటీలపై వ్రాయించాము.

మరొక ఆటలో ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే సూచనలతో ముప్పై సెకన్లలో ధర పట్టుకోవాలి. సగానికి సగం తగ్గించుకుంటూ పోతే వెయ్యి రూపాయల లోపు ఏ ధరయినా పది ఊహలలో దొరుకుతుంది. బజారు ముఖమే చూడనక్కరలేదు. కనుక నాలుగే ఊహలు అనుమతించాము. వాటితో పదిహేను అంకెలను మాత్రమే జల్లెడ పట్టవచ్చు. ఇది మా యువ ఇంజనీర్లకు రుచించలేదు. కందిపప్పు వద్దే వారి ఊహలు చెల్లిపోయాయి.

తరువాత వచ్చిన ఒక సహోద్యోగి సతీమణి, ఊహించే ముందు, “మొన్నటి ఓడకు ముందరి ధరా, తరువాతిదా?” అని అడిగారు. ఇప్పుడు ప్రతి వస్తువు చీటీపైనా తేదీ వేస్తున్నాము.