పులస రోజుల్లో ప్రయాణమా?

వదినగారూ, పొయ్యి కట్టేసి రండి. ఇది ఒక్క నిమిషంలో తేలే కబురు కాదు. ఆ మెట్టెక్కి నించోండి, లేకపోతే గోడతో మాట్లాడుతున్నట్టుంది.

మావాడు రాత్రి సియాటిల్ నుంచి ఫోన్ చేశాడండీ. వచ్చే ఏడాది మమ్మల్ని ఓడెక్కించి అలాస్కా చూపిస్తాడట, వారం రోజులు. మీ అన్నయ్యగారు వెంటనే, "పాపికొండల లాంచీ లాంటిదేనా?" అన్నారు. లాంచీ ఏంటండీ, రెండు మూడు వేల మంది ఎక్కే ఓడ! దారి మాత్రం అలాంటిదేనట. ఇటు కొండ, అటు కొండ, చాలా దూరం దీవుల చాటునే పోతుందట.

అమెరికా వీసా ఉందిగా అనుకున్నాను. చాలదట, కెనడాదీ కావాలి. ఎక్కేదీ దిగేదీ సియాటిల్లోనే అయినా మధ్యలో విక్టోరియాలో ఓ పూట ఆగుతుంది. పరాయి జెండా ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని మళ్ళీ అక్కడే దింపాలంటే, దారిలో ఇంకో దేశం రేవు తాకి రావాలని 1886లో చట్టం చేశారట. ఎప్పుడో పెట్టిన ఆ మెలికకి ఇప్పుడు నేను మళ్ళీ ఫొటోలు దిగాలి.

జూనో అని అలాస్కా రాజధాని ఉందండీ, దానికి బయటి నుంచి రోడ్డే లేదు. విమానంలోనో ఓడలోనో పోవాల్సిందే. మీరు నవ్వకండి, రాజధాని ఊసు మనం ఎత్తకపోవడమే మంచిది.

నాకు మాత్రం మనసంతా గ్లేసియర్ బే మీదే ఉంది. పెద్ద ఓడల్ని రోజుకి రెండింటినే రానిస్తారు. అక్కడి పార్కు రేంజర్లే ఓడెక్కి అన్నీ చెబుతారు. 1794లో వాంకూవర్ అనే నావికుడి మనుషులు అటు వచ్చినప్పుడు అక్కడ అఖాతం దాదాపు లేనట్టేనండీ, ఎదురుగా మంచు గోడ, అంతే. ఆ మంచు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ, ఇప్పుడు సముద్రంలోకి విరిగిపడే మంచు చూడాలంటే 65 మైళ్ళు లోపలికి వెళ్ళాలి. అంతకుముందు అక్కడ ఊళ్ళుండేవి. త్లింగిట్ అనే వాళ్ళవి. మంచు ముందుకొచ్చి మీద పడుతుంటే అన్నీ వదిలేసి పడవల్లో వెళ్ళిపోయారు. 2016లో మళ్ళీ ఆ ఒడ్డున వాళ్ళ తెగ ఇల్లు ఒకటి లేచింది. మావాడు చెబుతుంటే నాకు పోలవరం ముంపులో ఊరొదిలిన మన దేవీపట్నం వాళ్ళు గుర్తొచ్చారు. మునిగిన ఊరు మళ్ళీ ఎప్పటికి లేస్తుందో.

సరే, తిమింగలాల సంగతి వినండి. మూపురం తిమింగలాలని ఉన్నాయి. పురిటికి హవాయి వెళ్తాయి, తిండికి అలాస్కా వస్తాయి! హవాయి వెచ్చటి నీళ్ళలో కంటాయి కానీ తినడానికి ఏమీ దొరకదు. పచ్చి బాలింత నెలల తరబడి పస్తుండి, బిడ్డకి పాలిస్తూ వేల మైళ్ళు ఈదుకుంటూ వస్తుంది. మనకి పథ్యం పెడితేనే ఏడ్చాం కదా! అలాస్కా వచ్చాక కొన్ని జట్టుకట్టి, చేపల గుంపు చుట్టూ నీళ్ళ కింద బుడగలు వదులుతాయట. బుడగలే వల. అందులో చిక్కిన చేపల్ని నోళ్ళు తెరుచుకుని ఒక్కసారే పైకి లేచి మింగేస్తాయి.

తిండంటే గుర్తొచ్చింది, ఆవకాయ సంగతి అప్పుడే అడిగేశాను. ఇంట్లో చేసినవి ఓడెక్కనివ్వరట. వారం రోజులు ఎలాగో చూడాలి.

అసలు పేచీ నెల దగ్గర వచ్చింది. కోడలు మే అంటుంది, వానలు తక్కువని. కెచికన్ అనే ఊళ్ళో ఏడాదికి మూడున్నర మీటర్లకు పైగా కురుస్తుందట మరి. నేను ఆగస్టే అంటున్నాను. అప్పుడైతే ఆ ఊరి నడిబొడ్డున పారే ఏటిలోకి సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తాయి. పుట్టిన ఏరునే వెతుక్కుని వచ్చి, గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతాయి. ఎలుగుబంట్లు, గద్దలు తినగా మిగిలింది అడవికి ఎరువు. గోదారి ఒడ్డున పుట్టి, వరద నీటికి ఎదురొచ్చే పులసని ఎరిగినదాన్ని, అది చూడకుండా ఉత్త మంచు చూసి వస్తానా?

మీ అన్నయ్యగారు అంతా విని, కళ్ళజోడు తీసి ఏమన్నారో తెలుసా? "ఆగస్టులో ఊరొదిలితే ఇక్కడ పులస ఎవరు తింటారు?" అని! ఎదురీదే చేపని చూడాలని నేను, తినాలని ఆయన. పైగా, "నువ్వెళ్ళిరా, పక్కింటి చెల్లాయి పులుసు పెట్టకపోతుందా" అంటున్నారు.

అందుకే పిలిచానండీ. అడిగితే మాత్రం పులస వండటం నాకు రాదని చెప్పండి. అదిగో, గేటు చప్పుడు. మీరు దిగండి, దిగండి.